మామిడి మోడుకు కల్లుకుండ

ఎండిపోయిన చెట్టు కంటపడితే దానికి కల్లుకుండ కట్టందే మా భీముడు మావకు నిద్ర పట్టదు.

తాటిలా కల్లు దిగే జీలుగు చెట్టుకు కడితే ఎవరూ ఏమీ అనరు. మా అరకు కొండల్లో జీలుగు చెట్టున్నవాడు పొద్దున్నే ఎక్కి కుండ దించుకోవడం, నలుగురినీ పిలిచి ఆ చెట్టు కిందే కూర్చుని తాగడం ఎప్పటినుంచో ఉన్నదే. మావ కట్టేది జీలుగుకు కాదు. పిడుగు పడి మాడిన మామిడికి, చెదపట్టిన పనసకు, బెరడు ఊడిన నేరేడుకు, కాఫీ తోటల్లో నీడకని వేస్తే నిలువునా ఎండిపోయిన సిల్వర్ ఓకుకు కడతాడు. బల్లిలా చెట్టుకు కరుచుకుని పాకి, చంటిపిల్లకు తాయెత్తు కట్టినంత శ్రద్ధగా కుండ కట్టి, కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మరీ వెళతాడు.

మా తోట వెనక మామిడి మోడుకు కుండ కడుతున్నప్పుడు కింద నిలబడి అడిగాను.

“మావా, మామిడికి కల్లు దిగుతాదేటి?”

“ఎందుకు దిగదు?”

“ఇంతవరకూ ఏ మామిడికైనా దిగిందా?”

“ఇంతవరకూ ఎవుడైనా కుండ కట్టేడేటి? కట్టకుండానే దిగనేదంటే ఎలాగరా అల్లుడూ?”

“సెట్టు సచ్చిపోనాది మావా!”

“సచ్చిపోనేదు. ఆలోసిస్తంది.”

ఇంటర్ తప్పిన దగ్గర్నుంచి నేను దొరికిన కాగితమల్లా చదువుతున్నాను. సంతలో ఎండుచేపలు చుట్టిచ్చిన పేపరు ముక్కను కూడా వాసన చూడకుండా చదివి పారేస్తాను. అలా చదివిన వాటిలో ఎక్కడా ఆ మాటకు జవాబు లేదు. చచ్చిన చెట్టు ఆలోచిస్తోందంటే ఏమని వాదిస్తాం?

ఇక్కడ మా ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. నేల ఎవరిదైనా కానీ, కుండ కట్టిన చెట్టు కుండ కట్టినవాడిది. దానికి ఇంకొకడి గొడ్డలి తగలకూడదు. ఒకడు కట్టిన కుండను ఇంకొకడు దించితే తప్పు కింద మేకపోతును ఇచ్చుకోవాలి. జీలుగు చెట్ల తగాదాల్లో తలలు పగలకుండా తాతలు పెట్టిన మాట అది. చచ్చిన పనసకు కూడా వర్తిస్తుందా అని తాతలను ఎవరూ అడిగి ఉండరు. అడగాల్సి వస్తుందని వాళ్ళు మాత్రం అనుకున్నారా?

ఈ కుండలు చూసి ఊరు ఊరంతా కూర్చుని మావను తాగుబోతులకు పెద్దగా తేల్చేసింది. మామిడి నుంచి కూడా కల్లు పిండుకోవాలని చూసేవాడు ఎంత తాగుబోతై ఉండాలి! అతను తాగగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. దానికీ ఊరి దగ్గర సమాధానం ఉంది: చాటుగా తాగుతాడట.

మా ఊరి పైగట్టు మీద సెల్ టవర్ వేశారు. వేసినవాళ్ళు టవర్ తెచ్చారు గానీ సిగ్నల్ తేవడం మర్చిపోయారు. ఫోను మాట్లాడాలంటే ఇప్పటికీ కింద పారే గెడ్డ దాటి అవతలి కొండ ఎక్కాల్సిందే. ఒకరోజు కుర్రాళ్ళందరూ మావను పట్టుకున్నారు.

“మావా, ఇదీ ఎండిపోనాది. దీనికీ కట్టీ!”

మావ నవ్వలేదు. టవర్ చుట్టూ తిరిగాడు. వేళ్ళ కణుపులతో టకటకా కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

“నాబం నేదు. ముక్కు ఇరిగిపోతాది.”

ఎవరి ముక్కు అని మాలో ఎవరూ అడగలేదు. తాగుబోతు మాటకు అర్థం వెతికే ఓపిక మా ఊళ్ళో ఎవరికుంది?

మావకు ఇంకో జబ్బు మతిమరుపు. కాఫీ తోటల్లో నీడ చెట్ల కొమ్మలు కొట్టడం అతని పని. కూలి బదులు కొమ్మలు తెచ్చుకుంటాడు. వాటిని చీల్చి, ఎండబెట్టి, అడ్డతీగతో మోపు కట్టి, కుండ కట్టిన ఏదో ఒక చెట్టు కింద దించి, అక్కడే మర్చిపోయి ఇంటికెళ్ళిపోతాడు. ఒకసారీ రెండుసార్లూ కాదు, ఎప్పుడూ అంతే.

మా ఊరి ఆడవాళ్ళకు ఇంతకన్నా పండగ ఏముంటుంది? అడవి ఏటికేడు దూరం జరిగిపోతోంది. పుల్లలకని పొద్దున పోతే మధ్యాహ్నానికి గానీ తిరిగి రారు. ఇంట్లో గ్యాస్ బండ లేదా అంటే ఉంది. అది నిండుకున్నాక కింద నుంచి మళ్ళీ నిండి రావడానికి పట్టే కాలంలో మేము దాన్ని కుర్చీగా వాడుకుంటాం. మా ఇంట్లో చుట్టాలొస్తే పెద్దవాళ్ళకు దాని మీదే మర్యాద.

మా అమ్మ అప్పలనర్సమ్మ ఆ మోపులు దొంగిలించడంలో ఆరితేరింది.

“భీముడు మళ్ళీ మామిడి కింద మోపు మర్సిపోయేడ్రా. తాగుబోతోడికి తెలివెక్కడిది!” అని ముసిముసిగా నవ్వుకుంటూ ఎత్తుకొచ్చేది. అమ్మ అంత హుషారుగా ఇంకే పనీ చేయగా నేను చూడలేదు. ఒకరి దగ్గర చెయ్యి చాచడమంటే ఆవిడకు ప్రాణం పోయినట్టుంటుంది. ఉప్పు నిండుకుంటే చప్పటి అంబలి తాగుతుంది గానీ పక్కింటి గడప తొక్కదు. దొంగతనం మాత్రం ఆవిడ లెక్కలో తెలివైనవాళ్ళు చేసే పని.

మర్నాడు మావ ఊరి మొదట్నుంచి చివరిదాకా అరుచుకుంటూ తిరుగుతాడు.

“నా మోపు ఎవులెత్తుకుపోయేరర్రా? దొరికితే సేతులిరగ్గొట్టెత్తాను! కట్టపడి సీల్చుకున్న కర్రర్రా! మీ పొయ్యిలు సల్లారిపోనూ!”

ఇళ్ళలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అరిచి అరిచి అలసిపోయి సరిగ్గా మా ఇంటికే వస్తాడు. గ్యాస్ బండ మీద కూర్చుంటాడు. ఎదురుగా పొయ్యిలో అతని కర్రే భగభగా మండుతుంటుంది. అమ్మ రాగి అంబలి పోసి ఇస్తుంది.

“అక్కా, నా మోపేటైనా సూసేవా?”

“నానెక్కడ సూస్తాన్రా? నాకేం పన్నేదేటి?”

“మరే. నువ్వెందుకు సూస్తావు.” పొయ్యి వైపు తల వంచి ఒక కర్ర ముందుకు తోస్తాడు. “ఇదేటి కర్రక్కా? ఎంత బాగా మండుతంది!”

“అడివి కర్ర.”

“అదీ! సీల్సినోడెవుడో గాని పనోడు.”

అతను వెళ్ళాక అమ్మ పడీపడీ నవ్వేది. “తన కర్రని తనే పోల్సుకోలేనోడు ఎక్కడైనా ఉంటాడేట్రా!”

మామిడి మోడు మీద వడ్రంగి పిట్టల జంట ఒకటి ఉండేది. పొద్దున్నే టకటకటకమని మొదలుపెడితే మా ఇంట్లో గిన్నెలు కూడా మేలుకునేవి. మావకు ఆ పిట్టలంటే మహా గౌరవం. “అదీ నాలాగే సెట్టుకి గుండె ఆనించి ఎక్కుతాదిరా. ఒకే పని సేసుకునేవోళ్ళం. దానికి కూలిచ్చేవోడు నేడు, అదొక్కటే తేడా” అనేవాడు. పచ్చి చెట్టు గట్టిగా ఉంటుందని, ఎక్కువగా ఎండి మెత్తబడిన మానులోనే ఆ పిట్ట గూడు తొలుచుకుంటుందని, అది వదిలేసిన తొర్రల్లో గోరింకలూ చిలకలూ చేరతాయని నేను ఏదో పేపరులో చదివి అతనికి చెప్పాను. “మరే, కొత్తిల్లు కట్టి ఊరికే ఒగ్గెళ్ళిపోయే మేస్త్రీని ఇంకెక్కడైనా సూసేవేటి?” అని పొంగిపోయాడు. అంత చదివినా, ఆ పిట్టకూ ఈ కుండకూ ఉన్న చుట్టరికం మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

ఎక్కించినవాడు తాతారావు.

కాఫీ తోటలు తెల్లగా పూసి కొండంతా కమ్మగా ఉన్న రోజుల్లో, కింద మైదానం నుంచి చిన్న లారీ వేసుకుని వచ్చాడు. రిసార్టులకు క్యాంప్‌ఫైర్ కట్టెలు సరఫరా చేస్తాడట. నగరాల వాళ్ళు చలి కావాలని డబ్బిచ్చి మా కొండ ఎక్కుతారు. ఎక్కాక చలేస్తోందని మంటకు మళ్ళీ డబ్బిస్తారు. ఆ మంట పక్కన నిలబడి ఫోటో దిగితే గాని వాళ్ళకు చలి తీరదు. మా చలికి ధర ఉందన్న సంగతి మాకెవరూ ఇన్నాళ్ళూ చెప్పలేదు.

వచ్చే సీజనుకు ఇప్పుడే సరుకు పోగేసుకోవాలన్నాడు. మా వాలు మీద ఎండిన చెట్లన్నీ కొనేస్తానన్నాడు. ఎండినవే కదా అని ఊరంతా తలూపింది. తాతారావు మురిసిపోతూ మా ఊరి పెద్ద పోతురాజు తాతను వెంటబెట్టుకుని చెట్లు చూడబోయాడు. నేనూ వెనకే వెళ్ళాను.

“ఏటిది? సచ్చిన పనసకి కుండేటి?” అన్నాడు తాతారావు.

“భీముడు కట్టేడు బాబూ.”

“కల్లొస్తాదేటి?”

“రాదు బాబూ.”

“మరెందుకు కట్టేడు?”

“వస్తాదని బాబూ.”

తాతారావు తల గోక్కున్నాడు. రెండో చెట్టుకూ కుండే. మూడోదానికీ కుండే. “దించి పారేద్దాం!” అన్నాడు.

“ఒకరి కుండ ఇంకొకరు దించితే మేకపోతునివ్వాలి బాబూ.”

“మేకపోతే కదా! నానిచ్చేత్తాను.”

“సెట్టుకో మేకపోతు బాబూ.”

తాతారావు తలెత్తి వాలంతా చూశాడు. పై నుంచి కింది దాకా ఎండిన మానులూ, వాటి మెడల్లో కుండలూ. కళ్ళ ముందు మేకల మంద కదిలినట్టుంది, పక్కనున్న రాయి మీద కూలబడ్డాడు.

అప్పుడు వెలిగింది నాకు. మావ కల్లు కోసం కాదు, ఆ పిట్టల గూళ్ళ మీదికి గొడ్డలి రాకుండా కడుతున్నాడు. తాగుబోతని పేరు పడితే పడిందని ఊరుకున్నాడు. నాకు నా మీదే చిరాకు పుట్టింది.

తాతారావు మర్నాడు ఒక బ్రాందీ సీసా తెచ్చి మావ చేతిలో పెట్టాడు. మావ రెండు చేతులా అందుకుని, దండం పెట్టి, నేరుగా వెళ్ళి పనస మోడుకు కుండ పక్కనే సీసాను కూడా వేలాడగట్టాడు.

“అదేటి భీముడూ?”

“ఆ వాసనకి సెట్టుకి అలవాటవుతాది బాబూ. బేగి దిగుతాది.”

తాతారావు లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. హమ్మయ్య అనుకున్నాం. నాలుగు రోజులకు పొద్దున్నే ఆబ్కారీ జీపు వచ్చింది. దాని వెనక, దారి తప్పి వచ్చినట్టు మొహం పెట్టుకుని తాతారావు లారీ. అందులో ఇద్దరు కూలీలు, ఒక రంపం మిషను.

జీపులోంచి దిగిన ఎస్సై పేరు భానుశ్రీ. చిన్న వయసే. కొండను చూసి కళ్ళు పెద్దవి చేసింది.

“పెద్దాయనా, సొంతానికి ఒక చెట్టో రెండు చెట్లో గీసుకుంటే అడిగేవాళ్ళు లేరు. నువ్వు రిసార్టులకు టోకున అమ్ముతున్నావని ఫిర్యాదు వచ్చింది. ఇన్ని చెట్లు గీసేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.”

“నానూ సూడనేదమ్మా” అన్నాడు మావ వినయంగా.

“కుండలు దించు.”

మావ ఎక్కి ఒక్కొక్కటీ దించాడు. మొదటి కుండలోకి కానిస్టేబుల్ తొంగి చూశాడు. అందులోంచి కప్ప ఎగిరి అతని టోపీ మీద కూర్చుంది. రెండోదాని నిండా చీమలు. మూడోదాంట్లో ఉడత ఎవరి పరుపులోంచో లాక్కొచ్చిన దూది. భానుశ్రీ నాలుగోదాంట్లో ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది.

“ఇందులో ఏమీ లేదు!”

“ఇంకా దిగనేదమ్మా. తవరు బేగొచ్చీసేరు.”

“మామిడి చెట్టుకు కల్లేమిటయ్యా? నువ్వేమైనా తాగి ఉన్నావా? ఇందులో ఊదు” అని చేతి మిషను ముందుకు పెట్టింది. మావ బుగ్గలు పగిలేలా ఊదాడు. మిషనులో సున్నా. ఇంకోసారి ఊదమంది. ఇంకో సున్నా.

“ఇదీ ఆలోసిస్తందేటమ్మా?” అన్నాడు మావ.

జనంలోంచి అతని పెళ్ళాం గంగ ముందుకొచ్చింది. ఊరందరి మీదా ఎన్నేళ్ళుగానో దాచుకున్న కోపం ఆవిడ గొంతులో ఉంది.

“ఆడు తాగడమ్మా! ఆడికి కల్లు పడదు! పెళ్ళినాడు రెండు దొప్పలు తాగేడు. తెల్లారేసరికి మొకం గుమ్మిడికాయంత అయిపోనాది, వొళ్ళంతా దద్దుర్లు. మూడ్రోజులు నానెవుల్ని మనువాడేనో నాకే తెలవనేదు! మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు.”

ఊరు నోరు తెరిచింది. మా తాగుబోతులకు పెద్ద, ఊరు మొత్తానికీ కల్లు పడని ఏకైక మగవాడు. పోతురాజు తాతకైతే తల తిరిగినట్టయింది. “మరి ఇన్నాళ్ళూ ఊరంతా తిడతంటే సెప్పవేట్రా?” అన్నాడు. మావ దించిన కుండలను ఏరి వరసగా పెట్టుకోసాగాడు.

భానుశ్రీ నవ్వాపుకుని మిషను లోపల పెట్టేసింది. “కల్లు లేదు. కాబట్టి కేసు లేదు. కుండలు నీ ఇష్టం.”

మేమందరం ఒక్కసారిగా ఊపిరి వదిలాం. ఆ ఊపిరి పూర్తిగా వదిలామో లేదో, తాతారావు గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్ గారు న్యాయం సెప్పేరు. ఇప్పుడు పెద్దాయన సెప్పాలి. కుండ కట్టిన సెట్టు కట్టినోడిదన్నారు. దేనికి? అందులోంచి ఏదో దిగుతాది గనక. ఏటీ దిగని సెట్టుకి కుండేటి, హక్కేటి? కల్లు నేదని మీ ముందరే తేలిపోనాది కదా? మరిక నా సరుకు నాకు ఒగ్గీండి.”

పోతురాజు తాత మొహం వాడిపోయింది. ఆ మాటా కట్టుబాటులో ఉన్నదే. దిగడం మానేసిన చెట్టు మీద కుండ ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు. కల్లుందంటే జైలు, లేదంటే రంపం. రెండు వైపులా తలుపు వేసి వచ్చాడు తాతారావు.

కూలీ మిషను తాడు లాగాడు. అది గర్రుమంది. మామిడి తొర్రలోంచి ఎర్రజుట్టు పిట్ట బాణంలా బయటికొచ్చి లోయ మీదుగా ఎగిరిపోయింది. మిషను ఆగిన క్షణంలో లోపలి నుంచి సన్నటి గోల వినిపించింది. పిల్లలున్నాయి.

మావ వెళ్ళి మానుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

నేను ఊరుకోలేక ముందుకు దూకాను. వడ్రంగి పిట్టలు మాను తొలిచే పురుగులను ఎలా తింటాయో, మా కాఫీ మొక్కల కాండం తొలిచేవి కూడా అలాంటి పురుగులేననీ, ఈ మోడులు పోతే తోటలకే నష్టమనీ చేతులు ఊపుతూ చెప్పాను. నా జన్మలో అంత బాగా మాట్లాడలేదు.

“ఏ పేపర్లో ఉందిరా ఇది?” అన్నాడు పోతురాజు తాత.

“పేరు తెలవదు తాతా. ఎండుసేపల పొట్లం. పై సగం సినిగిపోనాది.”

తాత తలపాగా సర్దుకున్నాడు. నా ఉపన్యాసం అక్కడితో ముగిసింది. ఆయన మావ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

“భీముడూ, పెద్దరికంలో ఉన్నాను, అడక్క తప్పదు. ఈ సెట్టు నుంచి ఇన్నాళ్ళలో ఏటైనా దిగిందేటి? ఎవులికైనా ఏటైనా ముట్టిందేటి? సత్తెం సెప్పు. దిగితే నీ సెట్టు నీదే.”

మావ నోరు తెరిచాడు. అతని చూపు జనం మీదుగా వెళ్ళి మా అమ్మ మీద ఒక్క క్షణం ఆగింది. పక్కనే ఇద్దరు పిల్లల్ని పట్టుకుని నిలబడ్డ చిట్టి మీద, ఆ వెనకున్న ఆడవాళ్ళ మీద ఆగింది. మళ్ళీ నోరు మూసేశాడు. వీపు వెనక మానును అరచేత్తో నిమిరాడు.

“నేదు తాతా. ఏటీ దిగనేదు.”

తాతారావు చెయ్యి ఊపాడు. కూలీ మళ్ళీ తాడు పట్టుకున్నాడు.

“దిగింది!”

ఆ అరుపు మా అమ్మది. కొంగు నడుముకు బిగించి వచ్చి మావకూ మిషనుకూ మధ్య నిలబడింది. మొహం మిరపపండులా ఉంది.

“వారం వారం మోపు దిగుతాది. ఈ మామిడి కిందే. నానే ఎత్తుకుపోతన్నాను. ఏళ్ళ బట్టీ.” గుటక మింగింది. “దొంగతనంగా.”

ఉప్పు కోసం పక్కింటి గడప తొక్కని మా అమ్మ నోటి మాట అది. అంతలో చిట్టి కసిరింది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్తో కొండ అంచున గుడిసెలో ఉంటుంది.

“అదేటక్కా? మోపు దిగేది పనస కింద కదా? నాను కదా ఎత్తుకుపోతన్నాను?”

“పనస కిందా దిగుతాదేటి?”

“నీకు మామిడి కింద దిగుతాదని నాకేటి తెలుసు!”

“నేరేడు కింద దిగేది నాకు!” అని వెనక నుంచి ఇంకో గొంతు. “గెడ్డ పక్క సిల్వర్ ఓకు నాది!” అని ఇంకొకటి. చూస్తుండగానే మా ఊరి ఆడవాళ్ళందరూ దొంగలని తేలిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరికి వారు తానొక్కతే దొంగననుకుని లోలోపల గర్వపడుతున్నారు. ఎవరి గుమ్మానికి దగ్గరగా ఉన్న మోడు కింద వాళ్ళకు మోపు పడుతోంది. అదీ మతిమరుపు మనిషి చేతి మీదుగా!

“సీ సీ, ఊరి పరువు తీసేరు! మా ఇంటోళ్ళు అలాంటివోళ్ళు కాదు” అన్నాడు పోతురాజు తాత.

“నిన్న మీరు కాళ్ళు కాసుకున్నది ఏ కర్రతో అనుకుంతన్నారు మావా?” అంది ఆయన కోడలు.

భానుశ్రీ వెనక్కి తిరిగి జీపు అద్దంలో టోపీ సర్దుకోవడం మొదలుపెట్టింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పోతురాజు తాత కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మళ్ళీ పెద్దమనిషి అయ్యాడు.

“వారం వారం దిగే సెట్టు మా ఊళ్ళో జీలుగు కూడా నేదు. ఇవి దిగే సెట్లు. కుండ ఉంటాది. ఎవులూ ముట్టుకోడానికి ఈల్లేదు.”

“అన్యాయం!” అన్నాడు తాతారావు. “కర్ర సెట్టు నుంచి దిగిందేటి? ఈడు కదా తెచ్చి ఎట్టేడు!”

“కల్లు మాత్రం సెట్టు నుంచి తనంతట తాను దిగొచ్చి దొప్పలో పడతాదేటి బాబూ? ఎక్కి దించేవోడొకడు ఉండాలి.”

తాతారావు భానుశ్రీ వైపు చూశాడు. “ఊరి కట్టుబాటు ఊరిది” అంది ఆవిడ. “తాతారావు గారూ, ఊరు ఒప్పుకోని చెట్టు మీద మిషను పెట్టారంటే ఈసారి ఫిర్యాదు వాళ్ళు ఇస్తారు. నేను మళ్ళీ ఈ ఘాట్ రోడ్డంతా ఎక్కి రావాలి. నాకు కడుపులో తిప్పుతుంది.”

కూలీలు మిషను లారీలో పడేశారు. తోటల్లో కొట్టిన నీడ కొమ్మల్లో మోపులకు పోగా మిగిలినవి కావాలంటే కొనుక్కోమని తాత అనడంతో తాతారావు గొణుగుతూనే బేరానికి దిగాడు. పూర్తిగా ఖాళీ లారీతో మాత్రం పోలేదు.

అయినా మావ మొహం తేటపడలేదు. తలెత్తి లోయ వైపే చూస్తున్నాడు. ఎగిరిపోయిన పిట్ట తిరిగి రాలేదు. తొర్రలో పిల్లలు అరిచి అరిచి గొంతు తగ్గించుకుంటున్నాయి. ఒక్కొక్కరే మాటలు ఆపారు. అందరం వెనక్కి జరిగి కాఫీ మొక్కల మధ్య కూర్చున్నాం. ఎస్సై కూర్చుంది. కప్ప ఎక్కిన టోపీ ఒళ్ళో పెట్టుకుని కానిస్టేబుల్ కూర్చున్నాడు. తాతారావు కూడా గొణుగుడు ఆపి కూర్చున్నాడు. మంట కోసం వచ్చినవాడూ, కేసు కోసం వచ్చినవాళ్ళూ, దొంగలూ, అందరం ఒక్క పిట్ట కోసం నోళ్ళు మూసుకున్నాం.

చాలాసేపటికి లోయ మీద ఎర్రటి చుక్క కనిపించింది. ఎగుడుదిగుడుగా ఎగురుతూ వచ్చి మామిడి మానుకు అతుక్కుంది. ముక్కులో ఏదో తెల్లగా ఉంది. అటూ ఇటూ మమ్మల్ని చూసింది. మేము ఊపిరి బిగబట్టాం. అది తొర్రలోకి తల దూర్చగానే లోపల సంత కూడినంత గోల లేచింది.

“హమ్మయ్య” అన్న మొదటి గొంతు తాతారావుది. అని సిగ్గుపడి దగ్గాడు.

జీపూ లారీ వెళ్ళిపోయాక అమ్మా, మావా, నేనూ ఇంటివైపు నడిచాం. కాఫీ పూల మీద ఎండ పడి దారంతా వాసన. అమ్మ మావ పక్కనే విసవిసా నడిచింది. తర్వాత ఉన్నట్టుండి మావ వీపు మీద ఒక్కటి చరిచింది.

“ఏరా, మతిమరుపని నాటకమాడేవా? ఊరంతా తిరిగి అరిసేవా? మా ఇంట్లో కూకుని ఇదేటి కర్రక్కా అని అడిగేవా?”

“మరేటి సెయ్యమంటావక్కా? ఎండు సెట్టు మీ తోట ఎనకది. మీరు నరుక్కోకుండా కుండ కట్టి మీ పొయ్యి ఆర్పేసేను. ఊరికే ఆర్పేత్తే తప్పు కాదేటి?”

“అదే మాట సెప్పి, ఇదిగోరా మోపు అని సేతికియ్యలేకపోయేవా?”

“ఇత్తే నువ్వు పుచ్చుకుంటావేటి?”

అమ్మ ఆగిపోయింది. జవాబు మా ముగ్గురికీ తెలుసు.

“సిట్టీ పుచ్చుకోదు. ఎవులూ పుచ్చుకోరు” అన్నాడు మావ. “అదే దొంగతనమైతే నవ్వుకుంటా ఎత్తుకుపోతారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఇప్పుడు అందరికీ తెలిసిపోనాది. ఇంక మీరెవులూ రారు.” ఆ ఒక్క దిగులే అతనిది. మోపు ఎవరూ మోసుకుపోకపోతే చెట్టు నుంచి ఏమీ దిగనట్టే, మళ్ళీ గొడ్డలి వస్తుందేమో అని.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాలుగడుగులు ముందుకు నడిచింది. వెనక్కి తిరక్కుండానే అంది:

“ఒరే భీముడూ, రేపటి మోపులో కర్రలు కూసింత సన్నంగా సీల్చు. మా పొయ్యి సిన్నది.”